ఐదు రొట్టెలు తెచ్చిన చిన్నవాడు, మన ఊరి స్కౌట్లు

కువైట్‌లో, దుబాయిలో, మస్కట్‌లో ఉండి రాత్రిపూట డ్యూటీ దిగాక ఈ పేజీ చదివే మన కోనసీమ పిల్లలకు ప్రత్యేకంగా వందనాలు. ఈ వారం రాస్తున్నది మీ పిల్లల గురించే.

ఈ మధ్య ముగ్గురు నలుగురు తల్లిదండ్రులు నన్ను ఒకే ప్రశ్న అడిగారు. "అయ్యగారూ, మావాణ్ణి స్కూల్లో స్కౌట్స్‌లో చేర్చుకుంటామంటున్నారండి. ఆదివారాలు క్యాంపులంటారు, అన్ని మతాల ప్రార్థనలంటారు, రేపు పుష్కరాలకి డ్యూటీలు కూడా వేస్తారంటున్నారు. చేర్చమంటారా, వద్దంటారా?" సంఘ పెద్దల్లోనూ దీని మీద రెండు మాటలున్నాయి. "మన యూత్ మనకుంది గదండీ, మనం చేసే సేవేదో మన సంఘం పేరు మీదే చేసుకుందాం" అని కొందరి ఉద్దేశం. వారి ప్రేమను నేను తప్పుపట్టను. కాని నా అభిప్రాయం అడిగారు కాబట్టి దాచకుండా చెబుతాను. చేర్చండి. మీ అబ్బాయిని స్కౌట్స్‌లో, మీ అమ్మాయిని గైడ్స్‌లో చేర్చండి. మన సంఘం వేరే సేవాదళం పెట్టుకోవడం కంటే ఊరి పిల్లలందరూ ఉన్న ఆ దళానికి వెనక నిలబడడమే మేలని నేను నమ్ముతున్నాను. ఎందుకో వాక్యం నుండే చూద్దాం.

యోహాను సువార్త 6వ అధ్యాయం తీయండి. ఐదువేలమంది పురుషులు కూర్చున్నారు. ఫిలిప్పు లెక్క వేశాడు, రెండు వందల దేనారముల రొట్టెలు తెచ్చినా చాలవన్నాడు. అంద్రెయ ఒక చిన్నవాణ్ణి చూపించాడు, చూపిస్తూనే ఇంతమందికి ఇవి ఏపాటివి అని సందేహపడ్డాడు. పెద్దవాళ్లు లెక్కల దగ్గర ఆగిపోయారు. చిన్నవాడి దగ్గర ఉన్నవి ఐదు యవల రొట్టెలు, రెండు చేపలు. యవల రొట్టె ఆ రోజుల్లో పేదవాడి తిండి. ప్రభువు దాన్నే చేతిలోకి తీసుకున్నాడు. ఆ తరువాత జరిగింది మీకు తెలుసు.

అక్కడ రెండు సంగతులు గమనించండి. మొదటిది, ఆ పిల్లవాడి పేరు లేఖనంలో లేదు. ఏ ఊరివాడో, ఎవరి కొడుకో కూడా రాయలేదు. రెండోది, అందరూ తృప్తిగా తిన్నాక ప్రభువు శిష్యులకు ఒక పని చెప్పాడు. ఏదీ పాడవకుండా మిగిలిన ముక్కలన్నీ పోగుచేయమన్నాడు. పన్నెండు గంపలు ఎత్తారు. అద్భుతం చేసినవాడు ఆ చోటును శుభ్రం చేయించకుండా కదలలేదన్నమాట. మన సభలు అయిపోయాక మైదానంలో పడి ఉండే ప్లాస్టిక్ గ్లాసులు, విస్తరాకులు ఒకసారి జ్ఞాపకం చేసుకోండి.

స్కౌటింగ్ అంటే ఖాకీ బట్టలు, మెడలో స్కార్ఫు, ఆగస్టు 15న కవాతు, ఇంతే అనుకునేవారున్నారు. దాని పుట్టుక తెలిస్తే అలా అనుకోరు. 1883లో గ్లాస్గో నగరంలో విలియం స్మిత్ అనే సండే స్కూల్ టీచరు, అల్లరి చేసే పెద్ద మగపిల్లలను ఎలా నిలబెట్టుకోవాలా అని ఆలోచించి బాయ్స్ బ్రిగేడ్ అనే దళం మొదలుపెట్టాడు. చర్చి హాల్లో పుట్టిన పని అది. తరువాత బేడెన్ పవెల్ అనే సైనికాధికారి (ఈయన తండ్రి కూడా దైవసేవకుడే) 1907 ఆగస్టులో బ్రౌన్‌సీ అనే దీవిలో 20 మంది మగపిల్లలతో ఒక క్యాంపు పెట్టాడు. వారిలో కొందరు గొప్పింటి పిల్లలు, పెద్ద పెద్ద స్కూళ్లలో చదివేవారు. మిగతావారు బాయ్స్ బ్రిగేడ్ నుంచి వచ్చిన కూలినాలి వాళ్ల పిల్లలు. ఆ రోజుల్లో ఇంగ్లాండులో ఈ ఇద్దరూ ఒక పళ్లెం దగ్గర కూర్చునేవారు కాదు. ఆయన వారిని కలిపి చిన్న చిన్న దళాలు చేసి, ఒకే గుడారంలో పడుకోబెట్టి, ఒకే కుండలో వండుకోమన్నాడు. ఆ తరువాత ఆడపిల్లలు మేమూ వస్తామని తమంతట తామే ముందుకొస్తే 1910లో గైడ్స్ మొదలైంది.

మన దేశానికి 1909లోనే వచ్చింది. కాని మొదట్లో అది తెల్లవాళ్ల పిల్లలకూ ఆంగ్లో ఇండియన్ల పిల్లలకే. మన పిల్లలకు చోటు లేదన్నారు గనుక అనీబిసెంట్ గారు, మదనమోహన మాలవీయ గారు వంటివారు వేరే దళాలు పెట్టారు. స్వాతంత్ర్యం వచ్చాక, 1950 నవంబర్ 7న, ఇవన్నీ కలిసి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయింది. మనల్ని బయట నిలబెట్టిన గుమ్మం అందరికీ తెరుచుకోవడానికి అంత కాలం పట్టింది. ఇప్పుడు తెరిచి ఉన్న గుమ్మం ముందు మనమే ఆగిపోవడం నాకు బాధగా ఉంది.

స్కౌటుకు నేర్పే మొదటి మాట "సిద్ధంగా ఉండు". కోనసీమలో బతికేవాడికి ఇంతకంటే పనికొచ్చే మాట ఉందా? ఒకవైపు గౌతమి, ఒకవైపు వశిష్ఠ, మధ్యలో వైనతేయ, కింద సముద్రం. 1996 నవంబర్ 6 రాత్రి వచ్చిన తుఫానులో వెయ్యిమందికి పైగా పోయారు. ముప్పై నలభై ఏళ్లు పెంచిన కొబ్బరి తోటలు తెల్లారేసరికి నేలమట్టమయ్యాయి. 2018 జూలై 14న పశువుల్లంక దగ్గర, బడి నుంచి ఇంటికి వస్తున్న పిల్లలున్న పడవ కడుతున్న వంతెన స్తంభానికి తగిలి బోల్తాపడింది, పుస్తకాల సంచులతోనే ఆడపిల్లలు గోదారిలో కలిసిపోయారు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది, ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా కిందికి వదిలారు. మన లంకలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి.

అపొస్తలుల కార్యములు 11వ అధ్యాయంలో అగబు అనే ప్రవక్త కరవు రాబోతోందని చెప్పాడు. అంతియొకయ సంఘం ఆ మాట విని ఊరుకోలేదు. ఎవరి శక్తికొలది వారు వేసుకుని యూదయలోని సహోదరులకు పంపడానికి నిశ్చయించుకున్నారు. ప్రార్థన చేయడమూ ముందుగా ఏర్పాటు చేసుకోవడమూ ఒకదానికొకటి అడ్డు కాదని ఆ సంఘం మనకు నేర్పుతోంది. మనం మాత్రం నీళ్లు గట్టెక్కాక ఉపవాస ప్రార్థన పెడతాం, పులిహోర పొట్లాలు కడతాం. రెండూ మంచివే. ఆ పనికి కావలసిన జాబితా మాత్రం మే నెలలోనే మన దగ్గర ఉండాలి.

అందుకే మన ప్రాంతంలో స్కౌట్స్, గైడ్స్ చేత ఏయే పనులు చేయించవచ్చో నాకు తోచినవి రాస్తున్నాను.

మొదటిది వరద జాబితా. వేసవి సెలవుల్లోనే పిల్లలు జట్లుగా ఇల్లిల్లూ తిరిగి రాసుకోవాలి. ఏ ఇంట్లో మంచం దిగలేని ముసలివారున్నారు, ఎవరికి నెలలు నిండబోతున్నాయి, ఎవరు రోజూ మందులు వాడుతున్నారు, ఏ ఇంట్లో ఫోన్ లేదు, ఎవరికి ఎన్ని గేదెలున్నాయి. ఆ కాగితం ఒక కాపీ సచివాలయంలో, ఒక కాపీ స్కౌట్ మాస్టారి దగ్గర ఉండాలి. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది ఇస్తారు. మొదటి హెచ్చరిక రాగానే ఆ జాబితా తీసి ఎవరెవరికి కబురు అందిందో పిల్లలు ఫోన్ల మీద కనుక్కోవచ్చు. రెండోది వచ్చేసరికి ముసలివారూ గర్భిణీలూ గట్టు దాటి ఇవతలికి వచ్చేశారో లేదో పెద్దలు చూసుకుంటారు. వాగ్దానంలో "ఇతరులకు సహాయపడతాను" అని చేసే మాట అప్పుడు పనిగా మారుతుంది.

రెండోది దోమల పని. మన దొడ్లలో కొబ్బరి చిప్పలు, బొండాం డొక్కలు ఎంత లేవు! ఒక్క వానకి వాటినిండా నీళ్లు. డెంగీ దోమ పెరిగేది అలాంటి తేట నీటిలోనే. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. అంటే వారానికొకసారి బోర్లించి పారబోస్తే చాలు. దీనికి డబ్బు అక్కరలేదు, మరచిపోకుండా వచ్చే పిల్లలు కావాలి. శుక్రవారం డ్రై డే అని ప్రభుత్వం చెబుతూనే ఉంది, ఆ రోజు వీధికొక జట్టు కదిలితే సరిపోతుంది.

మూడోది నీళ్లు తీశాక చేసే పని. మునిగిన బోరింగు నీళ్లు తాగొద్దని, కాచి చల్లార్చి తాగమని చెప్పడం, ఓఆర్‌ఎస్ కలపడం తల్లులకు చూపించడం, బడి గదుల్లో ఒండ్రు ఎత్తడం. నాలుగోది, పంట కాలువలో మన వీధి మేర చెత్త వేయకుండా చూడడం. నెహెమ్యా గ్రంథం 3వ అధ్యాయంలో యెరూషలేము గోడను ఎంతోమంది ఎవరింటి ఎదుట వారే బాగుచేసుకున్నారు. కాలువ మొత్తం మనం బాగుచేయలేం, గుర్రపుడెక్క తీయించడం ఇరిగేషన్ వారి బాధ్యత. మన రేవు మేరకు మన బాధ్యత.

ఇక్కడ ఒక హద్దు గీయాలి. పిల్లలను వరదలోకి పంపకూడదు. పడవ ఎక్కించకూడదు, పారే కాలువలోకి దింపకూడదు, కరెంటు తీగలు తెగిన చోటికి పోనివ్వకూడదు. అది ఎన్డీఆర్‌ఎఫ్ వారి పని, శిక్షణ పొందిన పెద్దల పని. పిల్లల జట్టు ఎక్కడికి వెళ్లినా ఇద్దరు పెద్దలుండాలి, ఆడపిల్లలతో గైడ్ కెప్టెన్ ఉండాలి, తల్లిదండ్రుల సంతకం ఉండాలి. నేనైనా సరే, సంఘ పెద్దలైనా సరే, ఈ నియమానికి మినహాయింపు అడగకూడదు. సేవ పేరు చెప్పి పిల్లల చేత ఊరికే చాకిరీ చేయించుకోవడం కూడా సేవ కాదు. ఎవరిదో పెళ్లిలో వడ్డనకి, నాయకుడి సభలో కుర్చీలు వేయడానికి స్కౌట్లను పిలవకండి.

ఇప్పుడు అభ్యంతరాల దగ్గరకు వస్తాను. ఆదివారం సంగతి ముందు. ఆరాధన మానుకోమని నేను చెప్పడం లేదు. క్యాంపు పడినప్పుడు ముందుగా మాస్టారితో మాట్లాడితే ఉదయం ఒక గంట ఇవ్వడానికి ఎవరూ కాదనరు. అవసరమైతే నేనే సైకిలు మోటారు వేసుకుని క్యాంపు దగ్గరికి వచ్చి మన పిల్లలతో ప్రార్థన చేస్తాను.

సర్వమత ప్రార్థన గురించి. స్కౌటు వాగ్దానంలో దేవుని పట్ల తన కర్తవ్యం మొదట వస్తుంది. ఏ దేవుడని ఆ వాగ్దానం మన పిల్లవాడి నోటిలో మాట పెట్టదు. వాడి దేవుడెవరో వాడికి తెలుసు, తెలియకపోతే ఆ లోపం మన సండే స్కూలుది. వేరొకరు ప్రార్థించేటప్పుడు మర్యాదగా నిలబడితే విశ్వాసం పోదు. దానియేలు బబులోను కొలువులో ఏళ్ల తరబడి నమ్మకంగా పనిచేశాడు, తన కిటికీ మాత్రం యెరూషలేము వైపే తెరుచుకున్నాడు.

ఇక పుష్కరాలు. 2027లో గోదావరికి పుష్కరాలు వస్తున్నాయి. లక్షలమంది మన రేవులకు వస్తారు. 2015లో మొదటి రోజే రాజమండ్రిలో జరిగిన తొక్కిసలాటలో రెండు డజన్లకు పైగా ప్రాణాలు పోయాయి. జనాన్ని వరుసలో నిలబెట్టేవాడు, తప్పిపోయిన పిల్లను తల్లికి అప్పగించేవాడు, ముసలమ్మకు మంచినీళ్లు ఇచ్చేవాడు అక్కడ ఎంత అవసరమో చెప్పక్కర్లేదు. మన పిల్లలు ఆ పని చేయవచ్చా? చేయవచ్చని నా నమ్మకం. పూజలో పాల్గొనమని ఎవరూ అడగరు, అడిగితే వినయంగా కాదనవచ్చు. దప్పికగొన్నవారికి నీళ్లివ్వడానికి ప్రభువు ఏ షరతూ పెట్టలేదు. మనం కూడా పెట్టకూడదు. ఆ నీళ్ల గ్లాసుతో పాటు కరపత్రం చేతిలో పెట్టకండి. సువార్త చెప్పడానికి నేను సిగ్గుపడను, ఆ సంగతి మీకు తెలుసు. కాని అతిథిగా వచ్చినవాడి దాహాన్ని మన ప్రకటనకు వాడుకుంటే అది ప్రేమ అనిపించుకోదు. వరదలో మనల్ని లంక దాటించిన పడవవాడు ఏ మతమని అడిగి ఎక్కించుకున్నాడా? మీలో ఎవరి మనస్సాక్షైనా ఇంకా ఒప్పుకోకపోతే రోమా 14వ అధ్యాయం ప్రకారం నేను బలవంతపెట్టను. చేసేవాణ్ణి మాత్రం మీరు తీర్పు తీర్చకండి.

అన్నిటికంటే కష్టమైనది బ్యానర్ సంగతి. "మన సంఘం పేరు వేసుకుంటే తప్పేంటండీ, మనమూ సేవ చేస్తున్నామని ఊరికి తెలియాలి గదా" అంటున్నారు. మత్తయి సువార్త 5వ అధ్యాయంలో మీ సత్క్రియలు మనుష్యులకు కనబడాలని ప్రభువే చెప్పాడు. 6వ అధ్యాయంలో కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదనీ ఆయనే చెప్పాడు. రెండూ ఒకే కొండమీద చెప్పిన మాటలు. మొదటి మాటలో మహిమ పరలోకపు తండ్రికి వెళ్తుంది, రెండో మాటలో ధర్మం చేసినవాడికి పేరు మిగులుతుంది. తేడా అక్కడుంది.

మన పి.గన్నవరం దగ్గర అక్విడెక్టు మీద ఎన్నిసార్లు వెళ్లి ఉంటారు! దానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. 1841 నుంచి 1909 వరకు జీవించిన ఆ బ్రాహ్మణ ఇల్లాలు, లంకల గన్నవరంలో తన ఇంటి గుమ్మం ముందుకు వచ్చినవాడికి కులం అడగకుండా, వేళ చూడకుండా అన్నం పెట్టింది. ఆమె కీర్తి ఇంగ్లాండు దాకా పోయి, ఎడ్వర్డు చక్రవర్తి ఉత్సవానికి పిలుపు వచ్చిందట. ఆమె వెళ్లలేదు. కనీసం ఫొటో అయినా పంపాలని అధికారులు వస్తే దానికీ ఇష్టపడలేదని, ఫొటో లేకపోతే తన ఉద్యోగం పోతుందని ఆ అధికారి బతిమాలితేనే ఒప్పుకుందని మన పెద్దలు చెప్పుకుంటారు. ఇంకొకడి జీతం కోసం ఫొటో దిగిన తల్లి! లూకా 10లో ప్రభువు సేవకు ఉదాహరణగా యాజకుణ్ణి చూపించలేదు, లేవీయుణ్ణి చూపించలేదు, విన్నవారు మనవాడు కాదనుకునే సమరయుణ్ణి చూపించాడు. కోనసీమలో నిలబడి ఆ ఉపమానం చెబితే నాకు సీతమ్మగారు గుర్తుకొస్తారు. మనమేమో బియ్యం పది కిలోలు ఇస్తూ పన్నెండుమంది సంచి పట్టుకుని ఫొటో దిగుతున్నాం. తీసుకునే విధవరాలి ముఖం స్టేటస్‌లో పెడుతున్నాం. ఆమె మనవడు ఆ ఫొటో చూసి బడిలో తలదించుకుంటాడని ఎవరికైనా తట్టిందా?

స్కౌటు ఎడమచేత్తో కరచాలనం చేస్తాడు. చూసినప్పుడల్లా నాకు మత్తయి 6 జ్ఞాపకం వస్తుంది. 1909లో లండన్ పొగమంచులో దారి తప్పిన ఒక అమెరికా వ్యాపారికి ఒక స్కౌటు దారి చూపించి, ఇవ్వబోయిన డబ్బు తీసుకోలేదట. ఆ పిల్లవాడి వల్లనే మరుసటి ఏడు అమెరికాలో స్కౌటింగ్ మొదలైందని చెబుతారు. వాడి పేరు ఇప్పటికీ ఎవరికీ తెలియదు. తెలియదనే 1926లో ఇంగ్లాండులోని గిల్వెల్ పార్కులో ఆ పేరు తెలియని స్కౌటు జ్ఞాపకార్థం ఒక విగ్రహం పెట్టారు. ఐదు రొట్టెలవాడికి తోడు దొరికాడన్నమాట.

ప్రచారమే వద్దని నా మాట కాదు. పనికి ముందు ఎంతైనా ప్రచారం చేయండి. "శనివారం ఉదయం 7 గంటలకు బడి దగ్గర, పలుగూ పారా తెచ్చుకోండి, ఇంకా పదిమంది కావాలి" అని గ్రూపుల్లో పెట్టండి, మైకులో చెప్పండి, గుడి దగ్గరా మసీదు దగ్గరా కాగితం అంటించండి. పని అయ్యాక శుభ్రమైన వీధిని ఫొటో తీయండి, మిగిలిన పని ఎంతో రాయండి. సహాయం పొందినవారి ముఖం వద్దు. ఇచ్చినవారి వరస వద్దు.

చివరగా నా మనసులో అన్నిటికంటే బరువుగా ఉన్న మాట. 2022 మే 24న జిల్లా పేరు మీద అమలాపురంలో ఏం జరిగిందో మీకు తెలుసు. ఇళ్లు తగలబడ్డాయి, రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. కేసుల్లో ఇరుక్కున్నవారిలో చదువుకునే కుర్రాళ్లూ ఉన్నారు. వారిలో ఎందరు పక్క పేట కుర్రాడితో కలిసి ఎప్పుడైనా ఒక కుండలో వండుకుని తిన్నారు? స్కౌట్ల జట్టులో ఆరుగురో ఎనిమిదిమందో ఉంటారు. ఆ జట్టులో మా పేట, మీ పేట, రాజుగారి వీధి, మత్స్యకార కాలనీ పిల్లలు కలిసి ఒక గుడారం కట్టి, ఒక తాడుకు ముడులు వేయడం నేర్చుకుంటే, రేపు ఫోన్లో ఎవడో ద్వేషం పంపినప్పుడు "వాడు నా జట్టువాడురా" అనేవాడు ఒక్కడైనా ఉంటాడు. మన యూత్‌ను మన గోడల మధ్యే ఉంచుకుంటే ఈ పని జరగదు. సంఘం పేరుతో వేరే దళం వద్దని నేను పట్టుపట్టడానికి ముఖ్య కారణం ఇదే.

సంఘానికి నా మనవి మూడు. మీ ఊరి హైస్కూల్లో స్కౌట్స్, గైడ్స్ యూనిట్ ఉంటే పిల్లలను చేర్చండి. లేకపోతే హెడ్మాస్టరు గారిని కలుద్దాం, బడితో సంబంధం లేకుండా ఊరి పిల్లలతో ఓపెన్ గ్రూప్ పెట్టుకునే వీలు కూడా ఉంది, జిల్లా అసోసియేషన్ వారిని అడుగుదాం. రెండు, చదువుకుని ఇంటి దగ్గర ఉన్న మన అక్కచెల్లెళ్లలో ఇద్దరు గైడ్ కెప్టెన్ శిక్షణకు ముందుకు రండి. ఆడపిల్లల దళాలు ఆగిపోయేది పిల్లలు లేక కాదు, నడిపించే ఆడవారు లేక. మూడు, ఈ ఏడు యూత్ కానుకలో సగం స్కార్ఫులకు, తాళ్లకు, ప్రథమ చికిత్స పెట్టెలకు ఇద్దాం. గల్ఫ్‌లో ఉన్న సహోదరులు ఒక పెట్టె ఖర్చు పెట్టుకున్నా చాలు. ఏ పెట్టె మీదా ఎవరి పేరూ రాయం.

ప్రార్థన చేసుకుందాం. తండ్రీ, మా పిల్లల చేతుల్లో ఉన్నది కొంచెమే. ఇంతమందికి ఇది ఏపాటిదని మేము అనకుండా మా నోరు కాయండి. రాబోయే వరద కాలంలో మా లంకలను, మా ఏటిగట్లను, పడవల మీద బడికి వెళ్లే పసివాళ్లను కాపాడండి. మా పేటల మధ్య సమాధానం దయచేయండి. మిగిలిన ముక్కలు ఎత్తే ఓపిక మాకు నేర్పండి. యేసు నామంలో అడుగుతున్నాము తండ్రీ, ఆమేన్.